చెట్టుకు చట్టం, కొట్టేవాడికి అడ్డా

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్‌బీ నగర్ దాకా ఏ కాలనీలోనైనా ఇవాళ ఇంటి ముందరి చెట్టు కొట్టించాలంటే ఇంటివాళ్లు గుత్త మాట్లాడుకుని డబ్బులివ్వాలి. రెండు తరాల కిందట ఇదే నేల మీద కట్టె కొనేవాడే వచ్చి, చెట్టుగల ఆసామికి డబ్బులిచ్చి కొట్టుకుపోయేవాడు. డబ్బు నడిచే దిక్కు ఇలా తారుమారు కావడం పైకి చిన్న సంగతి. నగరానికి తూర్పున ఉన్న పల్లెలు కాలనీలై, ఆ కాలనీలు అపార్ట్‌మెంట్లయిన చరిత్ర మాత్రం అందులోనే ఉంది. ఒకప్పుడు కలప పనిలో భాగంగా సాగిన చెట్టు కొట్టుడు ఇప్పుడు చోటు ఖాళీ చేసే పని అయింది. ఆ మార్పులో పుట్టిన కొత్త కూలి వృత్తికి పాత వృత్తులకున్న గురువూ లేడు, కొత్త వృత్తులకున్న శిక్షణా లేదు. చెట్టును కాపాడేందుకు చట్టం రాసుకున్న మనం, చెట్టెక్కేవాడికి పని నేర్పే ఏర్పాటు చేసుకోలేదు. ఆ లోటు మనిషి ప్రాణంతోపాటు చెట్టుకూ చేటు చేస్తోందన్నదే నా వాదం.

ముందు పాత కాలం సంగతి. సరూర్‌నగర్, గడ్డిఅన్నారం, కొత్తపేట, నాగోలు, మన్సూరాబాద్, కర్మన్‌ఘాట్, హయత్‌నగర్ ఒకప్పుడు చెరువులు, తోటలు, బంజర్ల మధ్య ఉన్న ఊళ్లు. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి స్థలపురాణం ఆ చోటును దట్టమైన అడవిగానే చెబుతుంది. 12వ శతాబ్దంలో వేటకు వచ్చిన కాకతీయ రాజు రెండో ప్రోలుడికి అక్కడే స్వామి జాడ తెలిసిందంటారు. స్థలపురాణాన్ని చరిత్రగా తీసుకోనక్కర్లేదు గానీ, ఇక్కడ అడవి ఉండేదన్న జ్ఞాపకం నిరాధారం కాదు. నిజాంల వేట మైదానమైన 3,758 ఎకరాల నేల 1975లో మహావీర్ హరిణ వనస్థలిగా మారి, కృష్ణజింకలకు నీడగా నేటికీ వనస్థలిపురం పక్కన నిలిచి ఉంది. ఇలాంటి ఊళ్లలో చెట్టు కొట్టడానికి ఎప్పుడూ ఒక అవసరం ఉండేది. తుమ్మ నాగలికీ బండికీ పోయేది, వేప దర్వాజాలకు పోయేది, తాటిమాను ఇంటి దూలమయ్యేది, చింత పొయ్యికీ బట్టీకీ పోయేది. ఏ చెట్టు పనికొస్తుందో వడ్రంగి చూసి చెప్పేవాడు. మానును దుంగలు చేశాక ఒకరు పైన, ఒకరు కింద ఉండి పెద్ద రంపంతో పలకలు కోసేవాళ్లు. చిల్లర కొమ్మలు చాలాచోట్ల కొట్టినవాడి కూలిలో భాగం. కొట్టడం, కోయడం, చెక్కడం ఒకదాని వెంట ఒకటి నడిచే పనులు కాబట్టి, నేర్చుకునే కుర్రాడు చెట్టు పుట్టుపూర్వోత్తరాలతో సహా నేర్చుకునేవాడు. మాను లోపల ఎక్కడ గుల్లబారుతుందో, నార ఎటు తిరుగుతుందో పలక కోసినప్పుడు కళ్లారా చూసేవాడు. మర్నాడు నిలువు చెట్టు దగ్గరికి పోయినప్పుడు ఆ ఎరుక వాడికి అక్కరకొచ్చేది.

చెట్టు కూల్చడాన్ని తెలివితో, భయభక్తులతో చేయాల్సిన పనిగా చూసిన సంప్రదాయం మన దేశంలో చాలా పాతది. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో కూర్చిన బృహత్సంహితలో విగ్రహాల కోసం కలప తెచ్చే పద్ధతికి ఒక అధ్యాయమే ఉంది. చెట్టును ముందు పూజించాలనీ, దానిలో ఉన్న భూతాలను వేరే చోటికి వెళ్లమని వేడుకోవాలనీ, అది ఏ దిక్కుకు పడితే మంచిదో చూడాలనీ అందులో ఉంది. దీన్ని మూఢనమ్మకమని పక్కన పెట్టవచ్చు. కానీ గొడ్డలి ఎత్తే ముందు చెట్టు చుట్టూ తిరిగి చూడటం, పిట్టా పురుగూ ఉన్నాయేమో గమనించడం, పడే దిక్కు ముందుగా తేల్చుకోవడం అన్న మూడు పనులు ఆ తంతులో ఇమిడే ఉన్నాయి. ఇప్పటి నిపుణులు కూడా పని మొదలుపెట్టే ముందు చేయమనేది ఈ మూడే.

కలప పనిలోనే చెట్టు కొట్టుడు నేర్చుకునే ఆ పాత ఏర్పాటును కూల్చినవి పొయ్యి, ప్లాటు. హైదరాబాద్ కట్టెల మార్కెట్‌ను ఉస్మానియా విశ్వవిద్యాలయ భూగోళ శాస్త్రవేత్త మంజూర్ ఆలం తన సహచరులతో కలిసి అధ్యయనం చేయగా, అది 1985లో పుస్తకమైంది. వంటచెరకు అప్పట్లో పరిశోధకులు పనిగట్టుకుని లెక్కలు కట్టేంత పెద్ద సరుకు. 1999లో ఇదే నగరంపై ప్రపంచ బ్యాంకు వైపు నుంచి వెలువడిన ఇంధన నివేదిక నాటికి పట్టణ కుటుంబాలు కట్టె వదిలి గ్యాసు వైపు మళ్లాయి. అదే ఏడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం మొదలై పేద ఇళ్లకూ గ్యాసు చేరసాగింది. కట్టెకు గిరాకీ పడిపోతున్న ఆ ఏళ్లలోనే గజం నేలకు గిరాకీ పెరిగింది. విజయవాడ రహదారి వెంబడి నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు 1970ల నుంచి ఇక్కడ ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకున్నారు. ఇంటికో కొబ్బరి, మామిడి, బాదం, వేప, మునగ పెట్టుకున్నారు. 2007 ఏప్రిల్ 16న ఎల్‌బీ నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు జీహెచ్ఎంసీలో కలిశాయి. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్‌కు మెట్రో వచ్చింది. ఫ్లైఓవర్లు లేచాయి. విడి ఇళ్లను అపార్ట్‌మెంట్లకు ఇచ్చేయడం ఊపందుకుంది. ఇల్లు కట్టినవాళ్లు ముప్పై నలభై ఏళ్ల కిందట నాటిన చెట్లు సరిగ్గా నిండుగా ఎదిగిన వేళకు, వాటి కింద ఉన్న గజాల విలువ చెట్టు విలువను ఎన్నో రెట్లు మించిపోయింది. దర్వాజాలు సిమెంటువీ ఇనుమువీ అయ్యాయి, కిటికీలు అల్యూమినియంవి అయ్యాయి. పెరటి మామిడి మాను ఎవరికీ అక్కర్లేకపోయింది. వదిలించుకోవడానికి డబ్బులివ్వాల్సిన వస్తువుగా చెట్టు మారింది ఇలాగే.

ఈ పని చేయడానికి ఎవరొస్తారు? అడ్డా మీద నిలబడే కూలీలు వస్తారు. పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి నగరం చేరి, పొద్దున్నే కూడళ్లలో నిలబడి, మట్టి పనికైనా సెంట్రింగుకైనా సామాన్లు మోయడానికైనా పిలిచినవాళ్ల వెంట వెళ్లే మనుషులు వాళ్లు. చెట్టు పని వాళ్లకు ఒక రోజు దొరికే పని, మర్నాడు ఉండదు. అందుకే ఈ వృత్తిలో కొత్తవాళ్ల పాలు ఎప్పుడూ ఎక్కువ. మేస్త్రీ గుత్త ఒప్పుకుంటాడు. చెట్టెంత పెద్దదో చూసి కాకుండా, ఎంత త్వరగా తెమిలితే అంత మిగులుతుందన్న లెక్కతో పని నడుస్తుంది. కొత్తవాడి చేతికి మొదట వచ్చేది కింది పని. పడిన కొమ్మలు లాగాలి, ముక్కలు చేయాలి, ట్రాలీకి ఎత్తాలి. తర్వాత తాడు పట్టే పని వస్తుంది. చూడటానికి తేలికైన ఆ పనిలోనే మొదటి ప్రమాదం ఉంది. పచ్చి కొమ్మ బరువు కంటి అంచనాకు అందదు. కొమ్మ తెగిన క్షణాన తాడు అరచేతులను కోసేస్తుంది, లేదా మనిషినే పైకి లాగేస్తుంది. తాడును మానుకు రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే ఆ బరువును మాను మోస్తుంది. ఒక్క నిమిషంలో నేర్పగలిగిన ఈ మెలకువ చెప్పేవాళ్లు లేక, అరచేయి కాలాకే తెలుస్తుంది.

ఆ తర్వాత చెట్టెక్కడం. నడుముకు బెల్టు ఉండదు, తలకు టోపీ ఉండదు. ఏ కొమ్మ మనిషిని ఆపుతుందో జాతిని బట్టి మారుతుంది. చింత కొమ్మ సన్నగా ఉన్నా నమ్మవచ్చు, మునగ కొమ్మ లావుగా ఉన్నా నమ్మకూడదు. కాలనీ వీధుల్లో నీడకోసం నాటిన పచ్చతురాయి పైకి పచ్చగా ఉంటూనే లోపల గుల్లబారి ఉండవచ్చు. తేనెపట్టు, కందిరీగల గూడు ఆకుల మాటున ఉంటాయి. వీటన్నిటికంటే పెద్ద ముప్పు కరెంటు తీగ. కొమ్మ తీగ మీద ఆనుకుని ఉండనక్కర్లేదు, పడుతూ పడుతూ తగిలితే చాలు. తడి కొమ్మలో కరెంటు పారుతుంది. విద్యుత్ శాఖ సిబ్బంది లైను పక్కన కొమ్మలు కొట్టాలంటే ముందు ఎల్‌సీ తీసుకుంటారు, అంటే ఆ లైనులో సరఫరా ఆపించుకున్నాకే చెయ్యి పెడతారు. అడ్డా మీద నుంచి వచ్చినవాడికి ఎల్‌సీ అడిగే హోదా లేదు, అడగాలన్న సంగతీ తెలియకపోవచ్చు.

ఇక కోత. మంచి కోతకు రెండు సూత్రాలు ముఖ్యం. పెద్ద కొమ్మ తీసేటప్పుడు మొదట కింది నుంచి కొంత కోసి, ఆపై కొంచెం అవతలగా పైనుంచి కోస్తే, కొమ్మ మాను బెరడును చీల్చుకుంటూ పోకుండా విడిగా పడుతుంది. మిగిలిన మొండెం మూడో కోతతో తీస్తారు. నిలువు మానును కూల్చేటప్పుడు పడాల్సిన వైపు ఒక గాటు పెట్టి, వెనుక నుంచి ఇంకో కోత కోస్తూ, రెండింటి మధ్య కొంత కట్టె కోయకుండా వదిలేస్తారు. తలుపుకు మడతబందు ఎలాగో పడే చెట్టుకు ఆ మిగిలిన కట్టె అలాగ. దాన్ని కోసేస్తే చెట్టు ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అయితే కాలనీల్లో నిలువునా కూల్చే చోటే ఉండదు. ఒక వైపు కాంపౌండు గోడ, ఒక వైపు తీగలు, ఒక వైపు పక్కింటి కారు. చెట్టును కొస నుంచి ముక్కలు ముక్కలుగా దించుకుంటూ రావాలి. అడవిలో చెట్టు కొట్టడం కన్నా పట్నంలో కొట్టడం కష్టమైన పని. కష్టమైన ఆ పనికి అనుభవం తక్కువున్న చేతులనే మనం పిలుస్తున్నాం.

ఇప్పుడు చట్టం వైపు చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చి, తెలంగాణలోనూ కొనసాగుతున్న నీరు, నేల, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. ఇది కాగితానికే పరిమితమైన చట్టమని అనలేం. దిల్‌సుఖ్‌నగర్‌కు ఆనుకునే ఉన్న సైదాబాద్‌లో 2021 ఫిబ్రవరిలో ఒక వేపచెట్టును అనుమతి లేకుండా కొట్టేశారని ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ఫిర్యాదు చేయగా, అటవీ శాఖ రూ.62,075 జరిమానా వేసింది. చెట్టు వయసు నలభై ఏళ్లు దాటిందని లెక్క తేలింది. ఒక పిల్లవాడి మాటకు ప్రభుత్వం కదలడం, ఒక వేప విలువను రూపాయల్లోకి దించడం మనం గర్వపడాల్సినవే. అయితే ఆ వ్యవస్థ అడిగే ప్రశ్నలు రెండే: చెట్టు ఎవరిది, అనుమతి ఉందా? ఎవరు ఎక్కారు, పని తెలిసినవాడేనా, పడితే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు.

ఆ ప్రశ్నలు చట్టానికి కొత్త కావు. 1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టం రెండో షెడ్యూల్‌లో తాటిచెట్లు గీసేవాళ్లు, చెట్లు కొట్టేవాళ్లు ఒకే పద్దు కింద ఉండేవారు. పని చేస్తూ గాయపడితే పరిహారం దక్కాల్సిన ప్రమాదకర వృత్తులుగా రెంటినీ కలిపే గుర్తించారు. ఆ తర్వాత ఈ రెండు వృత్తుల దారులు వేరయ్యాయి. గీత కార్మికులకు సహకార సంఘాలున్నాయి, లైసెన్సులున్నాయి, తాటి మీద నుంచి పడితే ఎక్స్‌గ్రేషియా ఉంది. 2024 జూలై 14న ఎల్‌బీ నగర్ దాటి విజయవాడ రోడ్డున ఉన్న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కిట్లు పంచే కార్యక్రమం మొదలుపెట్టారు. తరాలుగా మోకు, ముస్తాదుతో ఎక్కుతున్నవాళ్లకు కూడా జారితే ఆపే తాడు కావాలని ఒప్పుకున్న నిర్ణయం అది. అదే రోడ్డు మీద కొద్ది దూరం వెనక్కి వస్తే, తరాల అనుభవం లేకుండా కొమ్మలున్న చెట్టెక్కే కొత్తవాడికి ఆ ఊహ వర్తించదు. తేడా ఎక్కడుందంటే, గీతవాళ్లు ఒక కులంగా, సంఘంగా, ఓటుగా కనిపిస్తారు. చెట్టు కొట్టేవాడు అడ్డాలో ఉన్న వందల మందిలో ఒకడు. పరిహారం కోరాలన్నా యజమాని ఎవరో ముందు తేలాలి. ఇంటివాళ్లు మేస్త్రీని చూపిస్తారు, మేస్త్రీ ఇంటివాళ్లను చూపిస్తాడు.

చెట్టు కొట్టేవాడికి శిక్షణ కావాలన్న మాటకు కొందరు చెప్పే మొదటి అభ్యంతరం: ఇది చూసి నేర్చుకునే పని, మన తాతలు ఏ సర్టిఫికెట్టుతో చెట్లు కొట్టారు? తాతలు శిక్షణ లేకుండా కొట్టలేదన్నదే నా జవాబు. వాళ్ల శిక్షణ పనిలోనే, ఇంట్లోనే, ఏళ్ల తరబడి సాగింది. వాళ్ల చేతిలో ఉన్నది గొడ్డలి. దెబ్బకూ దెబ్బకూ మధ్య చెట్టు చప్పుడు వినడానికి, పక్కకు జరగడానికి సమయముండేది. ఇప్పటి చైన్ సా ఆ సమయాన్ని మిగల్చదు. లావాటి మాను నిమిషాల్లో తెగుతుంది, ఇంజను మోతలో కట్టె విరిగే చప్పుడు వినిపించదు. పనిముట్టు మారినప్పుడు చదువూ మారాలి. అమెరికాలో కార్మిక గణాంకాలు వెలువడినప్పుడల్లా మరణాల రేటు అత్యధికంగా ఉండే వృత్తుల్లో కలప కొట్టడం ఒకటి. యంత్రాలు, హెల్మెట్లు, అంబులెన్సులు దండిగా ఉన్న దేశం సంగతే అది. నీడచెట్ల సంరక్షకులకు అక్కడ 1924 నుంచే వృత్తి సంఘం ఉంది, 1992 నుంచి పరీక్ష పెట్టి ధ్రువపత్రమిచ్చే పద్ధతి ఉంది. బ్రిటన్‌లో చెట్ల మీద చైన్ సాతో కూలి పని చేసేవాళ్లు తమకు పని వచ్చని ధ్రువపత్రం చూపాలి. చూసి నేర్చుకుంటే చాలన్న మాట సరైనదైతే ఆ దేశాలకు ఇంత తతంగం అక్కర్లేదు.

రెండో అభ్యంతరం బరువైనది, చెట్లను ప్రేమించేవాళ్ల నుంచి వచ్చేది: కొట్టడం నేర్పితే ఇంకా ఎక్కువ చెట్లు పోవా? ఈ భయం ఎందుకో నాకు అర్థమవుతుంది. 2025లో కంచ గచ్చిబౌలిలో సుమారు 100 ఎకరాల్లో చెట్లు రోజుల వ్యవధిలో పోయాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు కలగజేసుకుని ఆపాల్సి వచ్చింది. కానీ అక్కడ చెట్లను కూల్చినవి జేసీబీలు, శిక్షణ పొందిన చేతులు కావు. చెట్టు ఉండాలా పోవాలా అన్నది భూమి మీద అధికారమున్నవాళ్లు తేల్చే సంగతి. కూలివాడికి నేర్పినా నేర్పకపోయినా ఆ నిర్ణయం ఆగదు. నేర్పితే మారేది వేరొకటి. పని రానివాడికి మొదలంటా కొట్టడం ఒక్కటే తెలుసు. పని వచ్చినవాడు ఏ రెండు కొమ్మలు తీస్తే ఇల్లూ తీగా చెట్టూ మూడూ నిలుస్తాయో చెప్పగలడు. అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో వేలాది మానులను కోసి చూసి తేల్చిందేమిటంటే, చెట్టు గాయం మనిషి గాయంలా మానదు. చెట్టు దాని చుట్టూ గోడ కట్టుకుని కుళ్లును ఆపుకుంటుంది. కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడను వదిలి కోస్తే ఆ గోడ నిలుస్తుంది, మెడను తెగ్గోస్తే కుళ్లు మానులోకి దిగుతుంది. మన వీధుల్లో తీగల కోసం ఏటా ఒక వైపే నరుకుతున్న చెట్లు రెండో వైపుకు బరువెక్కి, కోత గాయాల్లో కుళ్లి, వేసవి గాలివానకు రోడ్డు మీద పడుతున్నాయి. పడిన చెట్టును చూసి పక్క చెట్టునూ కొట్టించేస్తారు. ఇలా ఒక చెడ్డ కోత రెండు చెట్లను తీసుకుపోతుంది.

పైగా ఈ పని తగ్గే సూచన లేదు. 2015లో మొదలైన మొక్కలు నాటే కార్యక్రమం హరితహారం వేగంగా పెరిగే జాతులను వీధివీధికీ తెచ్చింది. 2022లో అంతర్జాతీయ ఉద్యానవన ఉత్పత్తిదారుల సంఘం హైదరాబాద్‌కు ప్రపంచ హరిత నగర పురస్కారం ఇచ్చింది. అదే ఏడు, అలా వేగంగా పెరిగే జాతుల్లో ఒకటైన కోనోకార్పస్ నాటడాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఆపించింది, ఇప్పుడు ఉన్నవాటిని తీసేయాలన్న గొంతులు పెరుగుతున్నాయి. నాటిన చెట్టుకు కత్తిరింపు కావాలి, ముదిరిన చెట్టుకు పరీక్ష కావాలి, కొన్నిటిని తీయక తప్పదు. చెట్లు పెంచుకోవాలనుకునే నగరానికి నాటే చేతులతోపాటు కోసే చేతులూ కావాలి.

మూడో అభ్యంతరం ఖర్చు గురించి. ఒక్క రోజు పనికి శిక్షణ, బెల్టు, బీమా అంటే గుత్త పెరుగుతుంది, ఇంటివాళ్లు భరించలేక దొంగచాటుగా కొట్టిస్తారు అంటారు. గుత్త కొంత పెరుగుతుంది, నిజమే. అయితే ఇప్పుడు తక్కువకు తెమిలే పని అసలు ధరను ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. అది కూలివాడి నడుము విరిగినప్పుడు పాలమూరు పల్లెలో అతని కుటుంబం కట్టేది. కట్టేవాళ్లను మార్చడమే మనం చేయాల్సింది. అందుకు కొత్త శాఖ అక్కర్లేదు. మేస్త్రీలకు, సెంట్రింగు పనివాళ్లకు, ప్లంబర్లకు నేర్పడానికి 1998లో పెట్టిన జాతీయ నిర్మాణ అకాడమీ హైదరాబాద్‌లోనే ఉంది. గోడ కట్టేవాడికి పని నేర్పాలని అప్పుడే ఒప్పుకున్నాం. ఆ గోడ కోసం చోటు ఖాళీ చేసేవాడికి రెండు వారాల పాఠం చెప్పడం ఆ సంస్థకు భారం కాదు. తాడు, బెల్టు, మూడు కోతలు, ఎల్‌సీ అడిగే హక్కు: పాఠం ఇంతే. ఎల్‌బీ నగర్ సర్కిల్‌లో పనిచేసే అడ్డాల నుంచే మొదటి జట్లను తీసుకోవచ్చు.

వాల్టా అనుమతి పత్రంలో ఒక్క వరుస చేర్చడంతో ఇది మొదలవుతుంది: ఈ చెట్టును ఎవరు కొడతారు, ఆ మనిషి ఎక్కడ పని నేర్చుకున్నాడు? ఆ వరుస నింపాల్సి వస్తే ఇంటివాళ్లు పని వచ్చినవాడిని వెతుకుతారు, వెతుకుడు ఉంటే మేస్త్రీలు తమ మనుషులకు నేర్పిస్తారు. ప్రమాదం జరిగితే పరిహారం ఎవరిని అడగాలో తేల్చడానికి ఒక కాగితం ఉంటుంది. చెట్టు దగ్గరికి వచ్చిన మొదటి మనిషికే దాన్ని బతికించే దారి కూడా తెలిసి ఉంటుంది. చెట్టును, చెట్టెక్కే మనిషిని వేరువేరు ఫైళ్లలో కాపాడటం సాధ్యం కాదని ఈ తూర్పు కాలనీల చరిత్ర చెబుతోంది. కలపకు విలువ ఉన్నంతకాలం ఆ విలువే పని నేర్పింది. అది పోయాక నేర్పే బాధ్యత సమాజానిదే, అంటే డబ్బులిచ్చి చెట్టు కొట్టించే మనదే.